కాలనీ మెయిన్ రోడ్డుకి ఏది మేలు: స్పీడ్ బ్రేకరా, డివైడరా, సిగ్నలా?

మా కాలనీ మెయిన్ రోడ్డు మీద ట్యూషన్‌కి వెళ్తున్న పిల్లాడిని బైకు గుద్దింది. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. ఆ రాత్రి కాలనీ వాట్సాప్ గ్రూపంతా ఒకటే మాట: స్పీడ్ బ్రేకర్లు వేయించాలి. వారం తిరక్కుండానే మూడు పడ్డాయి. పసుపు, నలుపు రబ్బరు ముక్కలు పేర్చి బోల్టులు దిగ్గొట్టే రకం. నాలుగో నెలకల్లా మధ్య ముక్కలు లేచిపోయాయి. బైకులన్నీ ఆ సందులోంచి స్పీడు తగ్గకుండా దూరిపోవడం మొదలుపెట్టాయి. ముక్కలు ఊడినా బోల్టులు మాత్రం రోడ్డుని వదల్లేదు. మూల మీద పంచర్ షాపాయన వాటి గురించి ఇంతవరకు ఎవరికీ ఫిర్యాదు చేయలేదు.

ఏడాది తిరిగేసరికి రోడ్డు మొత్తం కొత్తగా వేస్తారన్న కబురొచ్చింది. ఈసారైనా అడిగేది సరిగ్గా అడుగుదామని కాలనీలో నలుగురం కూర్చున్నాం. పొద్దునా సాయంత్రం రోడ్డు పక్కన నిలబడి చూశాం, టేపు పట్టి కొలిచాం, రోడ్లకి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) కొలతలు నోటికొచ్చిన ఒక రిటైర్డ్ ఇంజినీరు గారిని పట్టుకుని విసిగించాం. ఆ తిరుగుడు మీకు కొంతైనా తప్పుతుందని ఇది రాస్తున్నాను.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. నలభై నుంచి అరవై అడుగుల రోడ్డుకి నేను అడిగేవి మూడే: ఫుట్‌పాత్ ఎత్తుకి లేపిన జీబ్రా, మధ్యలో తెగిపోని ఫుట్‌పాత్, మలుపుల దగ్గర బిగించిన మూలలు. స్పీడ్ బ్రేకర్ వీటి తర్వాతే. డివైడర్ వద్దంటాను. సిగ్నల్ ఊసే ఎత్తను. మీ రోడ్డు తీరు వేరేగా ఉంటే నా మాట ఎక్కడ పక్కన పెట్టాలో కూడా చెప్తాను.

ముందు కొలవండి, తర్వాత అడగండి

"మా రోడ్డు చాలా డేంజర్ సార్" అని అర్జీ పెడితే ఎవరూ కాదనరు, ఎవరూ కదలరు కూడా. చేతిలో లెక్క ఉండాలి. స్పీడు కొలవడానికి మెషిన్ అక్కర్లేదు. రోడ్డు అంచున 25 మీటర్ల దూరంలో ముగ్గుపిండితో రెండు గీతలు గీయండి. బండి ముందు చక్రం మొదటి గీత తాకగానే ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కండి, రెండోది తాకగానే ఆపండి. మూడు సెకన్లు పడితే గంటకి 30 కిలోమీటర్ల స్పీడు. రెండు సెకన్లయితే 45. అంతకంటే ముందే దాటేస్తుంటే మీ ఇంటి ముందు హైవే నడుస్తోందన్నమాట. ఇదంతా టీ కొట్టు బెంచీ మీద కూర్చుని చేయండి. మేం మొదటి రోజు చేతిలో పేపరు పట్టుకుని రోడ్డు పక్కనే నిలబడ్డాం. చలానా రాసేవాళ్లనుకుని అందరూ బుద్ధిగా పోయారు. ఆ రోజు లెక్క పనికిరాలేదు.

30 అనే అంకె గుర్తుపెట్టుకోండి. డ్రైవరు చూసి, తేరుకుని, బ్రేకు తొక్కి, బండి పూర్తిగా ఆగడానికి 30 స్పీడులో 30 మీటర్లు కావాలని ఐఆర్‌సీ లెక్క. అదే 50 స్పీడయితే 60 మీటర్లు. ఆగి ఉన్న రెండు కార్ల మధ్యలోంచి పిల్లాడు బంతి కోసం పరిగెత్తుకొచ్చేది పదిహేను, ఇరవై మీటర్ల ముందే కదా. ఇక ఆగలేక తగిలితే, ఆ దెబ్బ బలం స్పీడుతో పాటు మామూలుగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 30 దగ్గర తగిలే దెబ్బకి 50 దగ్గర తగిలేది దాదాపు రెండు ముప్పావు రెట్లు. మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట్ల 30 దాటకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ దేశాల సదస్సు చెప్పిందీ ఇందుకే. కింద నేను దేన్ని మెచ్చుకున్నా, దేన్ని తిట్టినా కొలబద్ద ఇదే: అది రోజంతా, పోలీసు లేకపోయినా, బండిని 30 దగ్గర ఉంచుతుందా?

రెండో కొలత దాటేచోటు. కాగితం మీద రోడ్డు బొమ్మ గీసుకుని, ఒక గంట కూర్చుని, ఎవరు ఎక్కడ దాటితే అక్కడ చుక్క పెట్టండి. మా దగ్గర పాత జీబ్రా గీతలు ఏటీఎం ఎదురుగా ఉన్నాయి. మా కాగితం మీద అక్కడ చుక్కలు నాలుగో ఐదో. కర్రీ పాయింట్ ఎదురుగా మాత్రం పెన్నుతో ముద్ద చేసినట్టు నల్లగా అయిపోయింది. ఆటో దిగేది అక్కడ, కూరలు కొనుక్కునేది అక్కడ, ఎదురు సందులోకి పోయేదీ అక్కడే. జనం దాటే చోటికి జీబ్రా రావాలి. జీబ్రా ఉన్న చోటికి జనం నడిచి వెళ్తారనుకుంటే రంగు డబ్బాలు దండగ.

ఇంకొక్కటి కనుక్కోండి: రోడ్డు ఎవరిది? మున్సిపాలిటీదా, ఆర్ అండ్ బీదా, పంచాయతీరాజ్‌దా? ఊరి మధ్యలోంచి పోయే రోడ్డు చూడ్డానికి కాలనీ రోడ్డులాగే ఉంటుంది, కాగితాల్లో ఆర్ అండ్ బీదై ఉంటుంది. తప్పు ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగిన అనుభవంతో చెప్తున్నాను.

స్పీడ్ బ్రేకర్, ఎత్తు జీబ్రా

స్పీడ్ బ్రేకర్ని నేను పూర్తిగా తీసిపారేయను. సరిగ్గా కడితే పని చేస్తుంది, అన్నిటికంటే చవక. కానీ సరిగ్గా కట్టింది మీరు చివరిసారి ఎప్పుడు చూశారు? ఐఆర్‌సీ 1988లో ఇచ్చిన కొలత ఇది: ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. వెడల్పు అంటే బండి ఎక్కి దిగే దూరం, దాదాపు పన్నెండు అడుగులు. అంత మెల్లగా లేచి మెల్లగా దిగేదాన్ని 25 స్పీడులో నడుం నొప్పి రాకుండా దాటొచ్చు. 40లో పోతే ఎత్తేస్తుంది. ముందు 40 మీటర్ల దూరంలో బోర్డు ఉండాలి, మీద నలుపు తెలుపు పట్టీలుండాలి.

మన వీధుల్లో ఉండేది ఏమిటంటే, మిగిలిన తారు కుప్ప పోసి పారతో అణిచింది. ఎత్తు జానెడు, వెడల్పు రెండడుగులు. కారు అక్కడ దాదాపు ఆగి, కింద రాసుకుంటూ దిగి, ఆ కసి తీర్చుకోవడానికి తర్వాతి వంద మీటర్లలో రెట్టింపు స్పీడందుకుంటుంది. దాని పక్కింటివాళ్లకి రాత్రంతా బ్రేకు, గేరు, హారన్, ఖాళీ సిలిండర్ల ఆటో చప్పుడు. రంగు ఒక వానాకాలం దాటదు. వీధి దీపం లేని చోట, వెనక సీట్లో చంటిబిడ్డతో పక్కకి కూర్చున్న మనిషి ఉన్నప్పుడు అది కనపడకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

దగ్గరగా చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. వాన నీళ్లు పోవాలని రెండు చివర్లా జానెడు, మూరెడు సందు వదులుతారు. బైకులన్నీ ఆ సందు కోసం రోడ్డు అంచుకి వస్తాయి. రోడ్డు అంచున నడిచేది ఎవరు? బడి పిల్లలు, పాల ప్యాకెట్టుకి బయల్దేరిన ముసలాయన. అంటే బైకుని నెమ్మది చేయడానికి వేసిన గుట్ట, దాన్ని తీసుకెళ్లి సరిగ్గా నడిచేవాళ్ల మీదకి తోస్తోంది.

ఎత్తు జీబ్రా అని నేను రాస్తున్నదాన్ని ఇంజినీర్లు టేబుల్ టాప్ అంటారు. జీబ్రా గీతలున్న రోడ్డు ముక్కని మొత్తంగా ఫుట్‌పాత్ ఎత్తుకి లేపుతారు. పైన చదునుగా బల్లలా ఉంటుంది, రెండు వైపులా ఏటవాలు. ఈ ఫుట్‌పాత్ నుంచి ఆ ఫుట్‌పాత్‌కి మనిషి దిగకుండా ఎక్కకుండా నడిచిపోతాడు. ఎక్కి దిగాల్సింది బండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, వీల్‌చైర్ మీద ఉన్నవాళ్లకి, సూట్‌కేసు లాక్కుంటూ బస్టాపుకి పోయే అమ్మాయికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. డ్రైవరుకీ తెలుస్తుంది. మామూలు జీబ్రా అతని రోడ్డు మీద గీసిన బొమ్మ. ఇది మనుషుల ఫుట్‌పాత్ మీదకి అతను ఎక్కడం. చివరిదాకా పరుచుకుని ఉంటుంది కాబట్టి బైకు దూరడానికి సందూ ఉండదు.

ఖర్చు స్పీడ్ బ్రేకర్ కంటే బాగా ఎక్కువ. ఇంకా పెద్ద చిక్కు నీళ్లతో. రోడ్డుకి అడ్డంగా కట్ట కట్టినట్టే కదా, ఎగువ వైపు నీళ్లు నిలుస్తాయి. రెండు అంచుల్లో అడుగున పైపో, జాలీ మూత పెట్టిన కాలువో వేసి సైడు కాలువలోకి కలపాలి. ఎస్టిమేట్‌లో ఈ ముక్క ఉందో లేదో చూసుకోండి, ఎందుకంటే మొదట ఎగిరిపోయేది ఇదే. ఇంకోటి: పైన పేవర్ టైల్స్ పరిస్తే ఫొటోలో అందంగా ఉంటుంది, బస్సులూ టిప్పర్లూ తిరిగే రోడ్డు మీద ఏడాదికి కదిలిపోతాయి. కాంక్రీటు అడగండి. బస్సు తిరిగే రోడ్డయితే ఏటవాలు ఇంకా సాగదీయాలి, పైభాగం ఇంకా పొడుగ్గా ఉండాలి. లేకపోతే వెనక సీటు ప్రయాణికులు మీ కాలనీని రోజూ తిట్టుకుంటారు.

అందుకని నా లెక్క ఇది. చుక్కల కాగితం మీద బాగా నల్లబడిన ఒకటి రెండు చోట్ల ఎత్తు జీబ్రా. వాటి మధ్య దూరం ఎక్కువై బండ్లు మళ్లీ స్పీడందుకుంటుంటే అక్కడ 3.7 మీటర్ల అసలు సిసలు స్పీడ్ బ్రేకర్. డబ్బు ఒక్కదానికే ఉంటే బడి ముందు ఎత్తు జీబ్రా ఒక్కటే కట్టించండి, రబ్బరు ముక్కలు పది పెట్టించకండి. గరగరలాడే సన్న గీతల గుంపు మాత్రం ఇళ్ల దగ్గర అస్సలు వద్దు. చప్పుడు తప్ప స్పీడు మీద వాటి ప్రభావం వారం రోజులే.

డివైడర్ మీద మోజు

స్పీడ్ బ్రేకర్ తర్వాత అందరూ అడిగేది డివైడర్. మొక్కలు, మధ్యలో దీపాలు, ఊరికి ఒక కళ. ఫ్లెక్సీలు కట్టుకోవడానికి స్తంభాలు కూడా. నాయకులకెందుకు ఇష్టమో వేరే చెప్పాలా.

అరవై అడుగుల రోడ్డులో డివైడర్ పెట్టగానే జరిగేది చెప్తాను, మా పక్క కాలనీలో ఇంకా చూడొచ్చు. ఎదురు బండి భయం పోతుంది కాబట్టి స్పీడు పెరుగుతుంది. ఎదుటి వైపు ఇంటికి పోవాల్సినవాడు అర కిలోమీటరు పోయి తిరిగి రావాలి. రాడు. రాంగ్ రూట్‌లో అంచు పట్టుకుని వస్తాడు, మళ్లీ ఆ బడి పిల్లల మీదకే. గ్యాస్ బండి, నీళ్ల క్యాన్ల ఆటో, అందరిదీ అదే దారి. నడిచేవాళ్లు ఓపెనింగ్ దాకా పోకుండా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని డివైడర్ ఎక్కి దూకుతారు. మొక్కలు తొక్కుతున్నారని అక్కడ ముళ్లకంచె వేస్తే, రెండో రోజుకే ఒక చోట కంచె వంగిపోయింది, ఇప్పుడు అదే అందరి దారి.

హైదరాబాద్‌లో చాలా కూడళ్లలో సిగ్నల్ ఆపేసి యూ టర్న్‌లు పెట్టారు. బండ్లు ఆగే పని తగ్గింది. నడిచేవాడికి ఉన్న ఒకే ఒక ఆసరా, ఆ ఎర్ర లైటు, దాంతో పోయింది. కాలనీ డివైడర్ కూడా చిన్న ఎత్తున అదే బేరం.

ఎనభై, వంద అడుగుల రోడ్డుకి మాత్రం నా మాట మార్చుకుంటాను. నాలుగు వరసల బండ్లని ఒక్క ఊపులో దాటడం ముసలివాళ్ల వల్ల కాదు. మధ్యలో నిలబడే చోటు కావాలి. అక్కడ డివైడర్ ఉండాలి, జీబ్రా దగ్గర అది తెగి రోడ్డు మట్టానికి రావాలి, సైకిల్ అడ్డంగా పట్టేంత, అంటే ఆరడుగులైనా వెడల్పుండాలి. జానెడు వెడల్పు సిమెంటు దిమ్మె మీద చంటిదాన్ని ఎత్తుకుని నిలబడ్డ తల్లికి అది సేఫ్టీ అనిపించదు. అరవై అడుగుల్లో కూడా పొడుగు డివైడర్ బదులు జీబ్రా దగ్గర మాత్రమే అలాంటి చిన్న దిమ్మె అడగొచ్చు; దాని వల్ల రెండు వైపులా దారి ఇరుకై బండి తనంత తనే తగ్గుతుంది.

సిగ్నల్, సర్కిల్, వన్ వే

వీటి మీద ఎక్కువసేపు కూర్చోను. కాలనీ కూడలికి సిగ్నల్ పెడితే మొదటి నెల ఎర్ర, ఆకుపచ్చ. రెండో నెల నుంచి పసుపు మిణుకు. కానిస్టేబుల్ లేని ఎర్ర లైటుని మన ఊళ్లో ఎంతమంది ఖాతరు చేస్తారో మీకు తెలుసు. పెద్ద రోడ్డు కలిసే చోట సిగ్నల్ అవసరమైతే ట్రాఫిక్ పోలీసులే పెడతారు, అక్కడ మాత్రం నడిచేవాళ్లకి విడిగా టైము ఇమ్మని అడగండి.

నాలుగు సందులు కలిసే చోట చిన్న సర్కిల్ బాగా పని చేస్తుంది, నేరుగా దూసుకుపోయే దారి ఉండదు కాబట్టి. ఒక్కటే షరతు: ఎదుటివాడు కనపడాలి. మన దగ్గర సర్కిల్ కట్టగానే అందులో ఎవరి విగ్రహం పెట్టాలన్న గొడవ మొదలవుతుంది. రోడ్ల మీద విగ్రహాలకి అనుమతులివ్వొద్దని సుప్రీంకోర్టు 2013లోనే రాష్ట్రాలకి చెప్పింది. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, పనికొస్తుంది.

వన్ వే బజారు వీధికి పనికొస్తుంది, పక్కనే ఇంకో సమాంతర వీధి ఉంటే. ఇరవై, ఇరవై ఐదు అడుగుల్లో రెండు వైపులా బండ్లు పోతూ ఫుట్‌పాత్ కూడా కావాలంటే కుదరదు, ఏదో ఒకటి వదలాలి. కాలనీ రోడ్డుకి వన్ వే చేస్తే మాత్రం సగం మంది రాంగ్ రూటే, మిగతా సగం ఎదురెవరూ రారన్న ధీమాతో గుడ్డిగా పోవడమే.

మూలలు: ఎవరూ అడగనిది

ఇది నేను కొత్తగా తెలుసుకున్నది. సందు మెయిన్ రోడ్డులో కలిసే మూల గుండ్రంగా, విశాలంగా ఉంటే కారు స్పీడు తగ్గించకుండానే తిరిగేస్తుంది. మూలని బిగించి, దాదాపు ఎల్ ఆకారంలో చేస్తే తగ్గించక తప్పదు. పైగా సందుని దాటాల్సిన దూరం తగ్గుతుంది. మా కిరాణా కొట్టు మూలలో సందు పద్దెనిమిది అడుగులే, కానీ మూల అంత విప్పి ఉండటం వల్ల మనిషి దాటాల్సింది ముప్పై ఐదడుగులైంది.

ఎంత బిగించొచ్చో మట్టి చెప్తుంది. వానాకాలానికి ముందు రోడ్డు మూలల్లో సన్న ఇసుక, ఎండుటాకులు పేరుకుని ఉంటాయి చూడండి. చక్రం తిరగని చోటే అవి పేరుకుంటాయి. అంటే ఆ చోటు బండ్లకి అక్కర్లేదు, ఎవరూ వాడటం లేదు. మా మూలలో ఆ ఇసుక ముక్క ఒక మంచమంత ఉంది. దాని అంచు వెంబడి ముగ్గుపిండి గీత గీసి, పాత పెయింటు డబ్బాల్లో మట్టి నింపి వరసగా పెట్టాం. మూడు వారాలు ఉంచి చూశాం. చెత్త బండి తిరిగింది, స్కూలు బస్సు ఒకసారి డబ్బాకి రాసుకుంది, దాన్ని అడుగు వెనక్కి జరిపాం. కిరాణా కొట్టు ముందు ఎప్పుడూ ఒక బైకు అడ్డంగా ఉండేది, అది పోయి ఆ చోట ఇద్దరు ముసలివాళ్లు కుర్చీ వేసుకున్నారు. సిమెంటు పోయకముందే తప్పు దొరికింది, దిద్దుకున్నాం. శాశ్వతంగా కట్టే ఏ మార్పునైనా ఇలా డబ్బాలతో, కోన్‌లతో ముందు పెట్టి చూడమని అడగండి. ట్రాఫిక్ ఎస్సై గారికి ఒక మాట చెప్పి చేయండి, లేకపోతే మీ డబ్బాలు స్టేషన్‌లో ఉంటాయి.

ఫుట్‌పాత్, అసలు యుద్ధం ఇక్కడే

"ఫుట్‌పాత్ కట్టినా ఎవడూ నడవడండీ" అని మీటింగులో కనీసం ముగ్గురంటారు. నిజమే. ఎందుకు నడవరో వాళ్లని నడిపించి చూపించండి. మా పాత ఫుట్‌పాత్ సైడు కాలువ మీద పలకలు వేసి కట్టింది, మోకాలి కింద దాకా ఎత్తు. ప్రతి ఇంటి గేటు దగ్గర కారు ఎక్కడానికి దాన్ని కోసి ర్యాంపు పోశారు. వంద అడుగులు నడవాలంటే ఐదుసార్లు ఎక్కి ఐదుసార్లు దిగాలి. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, మెడికల్ షాపు మెట్లు, విరిగిన పలక, దాని మీద పెట్టిన చెట్టు కొమ్మ. దీనికంటే రోడ్డు మీద నడవడమే తెలివైన పని.

ఐఆర్‌సీ అడిగేది పెద్ద కోరికేం కాదు: అడ్డం లేకుండా 1.8 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్లకి మించని ఎత్తు. వెడల్పు కంటే నేను ఎత్తుకే ఎక్కువ మార్కులేస్తాను. ఫుట్‌పాత్ తక్కువ ఎత్తులో, గేట్ల దగ్గర కూడా తెగకుండా సాగాలి. కారే దాని అంచున చిన్న ఏటవాలు ఎక్కి దాటి లోపలికి పోవాలి. ఎత్తు జీబ్రాలో చెప్పిన మాటే ఇది. బండ్లు ఎక్కకుండా స్తంభాలు పాతమంటారు కొందరు. వీల్‌చైర్ పట్టే సందులో బైకూ పడుతుంది, అది గుర్తుంచుకుని కార్ల కోసమే పాతించుకోండి.

"మరి చోటెక్కడిది?" అంటారు. టేపు తీయండి. అరవై అడుగుల్లో రెండు వైపులా తొమ్మిదేసి అడుగుల ఫుట్‌పాత్, దాని పక్కన పదేసి అడుగుల్లో చెట్లు, కరెంటు స్తంభాలు, పార్కింగ్, టిఫిన్ బండ్లు. ఇంకా ఇరవై రెండడుగులు మిగిలాయి, ఎదురెదురుగా రెండు బస్సులు నెమ్మదిగా తప్పుకోవడానికి చాలు. నలభై అడుగుల్లో ఆరేసి అడుగుల ఫుట్‌పాత్, ఇరవై అడుగుల దారి, ఒక పక్కే ఎనిమిది అడుగుల పార్కింగ్. రోడ్డు మొత్తం తారు పోసి వదిలేస్తే ఆ చోటంతా స్పీడుకీ అడ్డదిడ్డపు పార్కింగ్‌కీ పోతుంది.

టిఫిన్ బండిని తరిమేయాలని ప్లాన్ గీయకండి. పొద్దున ఏడింటికి ఇడ్లీ తినేది మన కాలనీవాళ్లే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్లకీ హక్కుంది. ఆ పదడుగుల పట్టీలో వాళ్లకి గీత గీసి చోటిస్తే నడిచేదారి ఖాళీగా ఉంటుంది. ఇవ్వకపోతే నడిచేదారి మీదే పెడతారు.

షాపులవాళ్లతో మాట్లాడటం ఇంతకంటే కష్టం. "మా కొట్టు ముందు బండి ఆగకపోతే బేరం ఎట్లా సాగుద్ది సార్?" అని హార్డ్‌వేర్ షాపాయన సూటిగా అడిగాడు. వాదించలేదు. ఒక సాయంత్రం ఆయన్నే పక్కన పెట్టుకుని, ఆగి ఉన్న కార్లు ఎవరివో లెక్కేశాం. గంటన్నర పైగా కదలని కార్లలో రెండు పక్క షాపు ఓనర్లవి, ఒకటి ఆయన బావమరిదిది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఒప్పుకున్నాడని చెప్పను, అడ్డుపడటం మాత్రం మానేశాడు.

సైకిల్ ట్రాక్ అడగమని కాలేజీ పిల్లలు పట్టుబట్టారు. బండ్లు 30లో పోతే సైకిల్ రోడ్డు మీదే పోవచ్చు. పెయింటు గీసిన ట్రాక్ పార్కింగ్ అవుతుంది, చూస్తూనే ఉన్నాం. ఎనభై అడుగులు దాటిన రోడ్డుకి మాత్రం కర్బు రాయితో విడదీసిన ట్రాక్ అడగండి.

అర్జీలో ఏం రాయాలి, ఎప్పుడు ఇవ్వాలి

టెండరు ముందే. తారు వేశాక అడిగితే వచ్చేది రంగు మాత్రమే. డ్రైనేజీకో మంచినీళ్ల పైపుకో తవ్వబోతున్నారని తెలిసిన రోజే మంచి ముహూర్తం, ఎందుకంటే కాలువ, ఫుట్‌పాత్, ఎత్తు జీబ్రా మూడింటి మట్టాలూ కలిసి కుదరాలి. పాత రోడ్డు మీదే ఇంకో పొర వేస్తామంటే పాత పొర గీకి వేయమని రాయించండి. లేకపోతే రోడ్డు ఏటా లేస్తుంది, మీ గుమ్మం ఏటా లోతవుతుంది, 15 సెంటీమీటర్ల ఫుట్‌పాత్ మూడు పొరలకి రోడ్డులో కలిసిపోతుంది.

మీ ముగ్గుపిండి లెక్కలు, చుక్కల కాగితం జతచేయండి. ఐఆర్‌సీ పుస్తకాల నంబర్లు రాయండి: స్పీడ్ బ్రేకర్లకీ స్పీడు తగ్గించే ఏర్పాట్లకీ 99, నడిచేవాళ్ల సదుపాయాలకి 103. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 198ఎ సెక్షన్‌ని ఒక్క లైనులో గుర్తుచేయండి. రోడ్డు డిజైన్‌లో, కట్టడంలో ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా బాధ్యులకి లక్ష రూపాయల దాకా జరిమానా అందులో ఉంది. బెదిరించినట్టు రాయకండి. మామూలుగా రాయండి, చదివేవాళ్లకి అర్థమవుతుంది. జీబ్రా దగ్గర దీపం ఉందో లేదో, ఉంటే చెట్టు కొమ్మ వెనక ఉందేమో రాత్రి ఎనిమిదింటికి పోయి చూసి అదీ రాయండి.

ఇక పని మొదలయ్యాక రోజూ ఎవరో ఒకరు సైటు దగ్గర ఉండాలి. మా బడి ముందు ఎత్తు జీబ్రాకి డ్రాయింగులో పైపు ఉంది, రోడ్డులో లేదు. ఒక పిన్నిగారు, మా కమిటీలో అందరికంటే చదువు తక్కువ ఆవిడే, పక్కింట్లోంచి బకెట్టు తెచ్చి ఎగువ వైపు నీళ్లు పోశారు. నీళ్లు కదల్లేదు. "బాబూ, ఇవి ఎటు పోతాయో నువ్వే చెప్పు" అని మేస్త్రీని అడిగారు. మర్నాడు అంచు పగలగొట్టి పైపు వేశారు. బిల్లు పాస్ కాకముందే ఒక బకెట్టు పట్టుకెళ్లండి.